పాత షోకేస్‌ని పాము పెట్టెగా మార్చొచ్చా? బాల్ పైతాన్, శ్రీకాకుళం

నాగావళి గట్టు

నమస్తే అండి. మాది శ్రీకాకుళం టౌన్. మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో బాల్ పైతాన్ (విషం లేని ఆఫ్రికా కొండచిలువ) పెంచుకునేవాడు, ఈమధ్య ఉద్యోగం మీద దేశం దాటి వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు. మగది, రెండున్నరేళ్లుంటాయి, మూడడుగులకి కాస్త తక్కువ. కాగితాలన్నీ వాడి పేరున సరిగ్గానే ఉన్నాయి, నా పేరుకి మార్చే పని నడుస్తోంది, కాబట్టి దయచేసి దాని మీద క్లాసు పీకొద్దు.

ఇప్పుడది ఒక ప్లాస్టిక్ టబ్‌లో ఉంది. మూతకి సోల్డరింగ్ ఐరన్‌తో చిల్లులు పెట్టి, పైన రెండు ఇటుకలు పెట్టాను. రాత్రి పదకొండు దాటితే మూతని ముక్కుతో పొడుస్తూ తిరుగుతుంది, ఆ టక్ టక్ వింటూ మా అమ్మకి నిద్ర లేదు. టబ్ వచ్చిన రోజు ఆవిడ అన్న మొదటి మాట "ఓలమ్మో, ఇదేట్రా బాబూ", రెండో మాట "నాగుల చవితికి ఇంక పుట్ట దాకా పోనక్కర్లేదా?". పాలు పోస్తానంటే ఆపడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు విషయం. తాతగారి కాలం నాటి షోకేస్ ఒకటి మేడ మీద గదిలో ఖాళీగా పడి ఉంది. టేకు ఫ్రేము, వెనక ప్లైవుడ్, ముందు జరిపే అద్దాలు రెండు. పొడవు 4 అడుగులు, ఎత్తు 2, లోతు మాత్రం 16 అంగుళాలే. మధ్య అరలు పీకేసి దీన్నే పాము పెట్టె చేద్దామని ఉంది. గాలికి కన్నాలు ఎక్కడ పెట్టాలి, లోపల రంగు ఏం వేయాలి, మన ఎండలకి అసలు హీటర్ అవసరమా, కరెంటు పోతే ఏం చేయాలి? యూట్యూబ్‌లో చూసేవన్నీ అమెరికా వాళ్లవి, వాళ్లు పెట్టెలో తేమ పెంచడానికి తంటాలు పడుతున్నారు, మా ఇంట్లో అప్పడాలు డబ్బాలో పెట్టినా మెత్తబడిపోతాయి.

బొబ్బిలి చెక్కపని

టేకు ఫ్రేము అంటున్నారు కదా, కళ్లు మూసుకుని వాడుకోండి. ముందు వెనక ప్లైవుడ్ మీద వేలితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల చెద తినేసినట్టే, ఆ ముక్క పీకి పారేయాల్సిందే. చెద మందు కొట్టి సరిపెడదామనుకోవద్దు, ఆ మందు పాముకీ విషమే.

వెనక పలక ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి పనిలో పనిగా లోతు కూడా పెంచేయండి. వెనక వైపు 8 అంగుళాల చట్రం అతికిస్తే 2 అడుగులు అవుతుంది. దానికి 12 ఎంఎం ప్లైవుడ్ చాలు, కానీ ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ రకం (నీటికి తట్టుకునేది) తీసుకోండి, మామూలు కమర్షియల్ ప్లై మన తేమకి రెండు వానాకాలాల్లో పొరలు విడిపోతుంది. చెక్కపొడి అతికించి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు జోలికి పోవద్దు. నీళ్ల గిన్నె ఒక్కసారి ఒలికితే బూరెలా ఉబ్బుతాయి. వంటిళ్లకి వాడే పీవీసీ ఫోమ్ బోర్డు చెద పట్టదు, నీటికి చెడదు, మంచిదే, హీటర్ దగ్గర మాత్రం వేడికి మెత్తబడి వంగుతుంది. అక్కడ చెక్కే నయం. దేవదారు చెక్క ముక్క కూడా లోపల పెట్టకండి, దాని నూనె వాసన పాములకి పడదు. మా ఊళ్లో పనసచెక్కతో వీణలు చేస్తారు కదా, మిగిలిన పనస ముక్కలు ఎవరైనా ఇస్తే పాము ఎక్కే కొమ్మకి వాడుకోవచ్చు, అంతకుమించి ఖరీదైన చెక్క పాముకి ఎందుకండీ.

రంగు అయితే నీళ్లతో కలిపే పీయూ (పాలియురేతేన్) కోటింగ్, మూడు పూతలు. మూలల్లో సిలికాన్ గీయండి. సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ కంపు కొడుతుంది, అది పూర్తిగా పోయేదాకా పాముని పెట్టకూడదు. మీ ముక్కుని నమ్ముకోకండి, అద్దాలు మూసి ఒక రాత్రి వదిలి పొద్దున తెరిచి వాసన చూడండి. నేను కుందేళ్ల బోను చేసినప్పుడు పది రోజులు అనుకున్నది పద్దెనిమిది రోజులు పట్టింది, అది జూలై నెల.

పాముల పిచ్చి, విజయనగరం

ఆరేళ్లుగా పెంచుతున్నాను, ఒక బాల్ పైతాన్, ఒక కార్న్ స్నేక్. చెక్కపని అన్నగారు చెప్పినవన్నీ కరెక్ట్. నేను వేడి, గాలి సంగతి చెబుతా, కాస్త పొడుగవుతుంది.

మొదట మేడ మీద గది ఆలోచన మానేయండి. స్లాబ్ కింద గది మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఎంత కాలుతుందో మీకు తెలుసు. బాల్ పైతాన్‌కి ఒక మూల 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, రెండో మూల 25 నుంచి 27. మొత్తం పెట్టె 35 దాటితే అది పారిపోవడానికి చోటుండదు, ప్రాణం మీదకి వస్తుంది. చలికంటే మన దగ్గర పాములకి ఎండే పెద్ద గండం. కింద గదిలో, నేలకి దగ్గరగా, కిటికీ ఎండ నేరుగా అద్దం మీద పడని గోడకి పెట్టండి. అద్దం మీద ఎండ పడితే పెట్టె కాస్తా ఓవెన్.

అలాగని హీటర్ అక్కర్లేదనుకోవద్దు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మన వైపు 16, 17కి పడిపోతుంది. పశ్చిమ ఆఫ్రికా పాము అది, ఆ చలిలో తిన్న ఎలుక అరగక కక్కేస్తుంది. చెక్క పెట్టె కాబట్టి కింద వేసే హీట్ మ్యాట్ కంటే పైన బిగించే సిరామిక్ హీటర్ మేలు, వెలుగు ఉండదు, వేడి మాత్రమే. మీ పెట్టెకి 60 వాట్లు చాలు. హోల్డర్ పింగాణీది ఉండాలి, ప్లాస్టిక్ హోల్డర్ కరిగి కిందపడుతుంది. దాని చుట్టూ తప్పనిసరిగా జాలీ గూడు. పాముకి పైనుంచి కాలుతున్నా త్వరగా తప్పుకోవాలన్న తెలివి రాదు, హీటర్‌ని చుట్టుకుని చర్మం కాల్చుకున్నవి ఉన్నాయి.

గాలి కన్నాలు: వేడి మూల వైపు పక్క పలకకి పైన, చల్ల మూల వైపు పక్క పలకకి కింద. చల్లగాలి కింద నుంచి లోపలికి వచ్చి వేడెక్కి ఎదురు మూల పై నుంచి పోతుంది, ఫ్యాను లేకుండానే. అమెరికా వాళ్లు రెండు చిన్న గుండ్రాలు పెట్టి ఊరుకుంటారు, వాళ్ల గదుల్లో చలికాలం గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి. మనకి కావలసిన తేమ 55 నుంచి 70 శాతం, అది మన గాలిలోనే ఉంది, చాలా రోజులు ఎక్కువే ఉంది. కాబట్టి కన్నాలు వాళ్లకి రెట్టింపు పెట్టండి, స్టీలు జాలీ లోపలి వైపు నుంచి బిగించి అంచులు కనబడకుండా బీడింగ్ కొట్టండి. లేకపోతే ముక్కు రుద్ది రుద్ది గాయం చేసుకుంటుంది. తడి ఎక్కువై గాలి ఆడకపోతే పొట్ట కింది పొలుసులు ఎర్రబడి కుళ్లుతాయి, ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్ వస్తే నోరు తెరిచి గురగురమంటుంది. ఆ రెండూ నేను చూశాను. కుబుసం ఒకే ముక్కగా, కళ్ల మీది పొరతో సహా ఊడి వస్తే మీ తేమ సరిగ్గా ఉన్నట్టు లెక్క.

ఇక అద్దాలు. ఇది చాలామంది మర్చిపోతారు. జరిపే అద్దాలు రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చే చోట మధ్యలో సందు ఉంటుంది, మీ షోకేస్‌లో వేలు దూరేంత ఉండొచ్చు. పాము తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. నా కార్న్ స్నేక్ సరిగ్గా ఆ సందులోంచే పోయింది. మూడు రోజులు ఇల్లంతా వెతికాం, మంచాలు ఎత్తాం, బియ్యం డ్రమ్ము ఒంపాం. మూడో రాత్రి ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద చుట్ట చుట్టుకుని దొరికింది, ఒంటి నిండా బూజు, ఏమీ ఎరగనట్టు నాలుక ఆడిస్తూ. ఆ మూడు రోజులు మా ఆవిడ పుట్టింట్లో ఉంది. పారదర్శకంగా ఉండే రబ్బరు పట్టీ కొని ఆ సందులో అతికించండి, షోకేస్ తాళం ఒకటి బిగించండి. మీ ఇటుకల రోజులు పోతాయి.

ఉద్దానం కొబ్బరి

కింద పరచడానికి ఏం వాడాలో ఎవరూ చెప్పలేదు, అది మా సబ్జెక్టు. ఆన్‌లైన్‌లో ఇటుకలా కట్టిన కొబ్బరి పొట్టు అమ్ముతారు, సంచి ధర చూస్తే నవ్వొస్తుంది, కవిటి, సోంపేట వైపు పీచు తీసే చోటికి వెళ్లండి, అదే పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. కాకపోతే ఒక జాగ్రత్త, ఉప్పునీళ్లలో నానిన డొక్కల పొట్టు అయితే ఉప్పు ఉంటుంది, మూడు నాలుగుసార్లు మంచినీళ్లలో కడిగి పిండి, చాపల మీద గట్టి ఎండలో ఆరబెట్టాకే వేయండి. రెండు మూడు అంగుళాల మందం. చేత్తో పిడికిలి బిగిస్తే నీరు కారకూడదు.

దాక్కునే గూళ్లు రెండు కావాలి, వేడి మూలకి ఒకటి, చల్ల మూలకి ఒకటి. పగిలిన కుండ బోర్లిస్తే అంతకంటే మంచిది లేదు, పగిలిన అంచుని ఉప్పుకాగితంతో నున్నగా అరగదీయండి. ఎండాకాలం చల్ల మూల కుండ మీద తడిగుడ్డ వేస్తే లోపల కాస్త చల్లబడుతుంది, మనం కూజా నీళ్లు చల్లగా తాగేది అలాగే కదా.

మందస కుర్రోడు

బ్రోస్, నాదీ ఇలాంటి డౌటే. మా జీడితోటలో ఆకులు ఊడుస్తుంటే కొండచిలువ పిల్ల దొరికింది, రెండడుగులుంటుంది, చాలా సాధువు. ఇదే కొలతలతో పెట్టె చేస్తే సరిపోతుందా? ఇప్పుడు జీడిపప్పు డబ్బాలో పెట్టాను.

పాముల పిచ్చి, విజయనగరం

తమ్ముడూ, పెట్టె మాట తర్వాత, ముందు దానికి ఊపిరి ఆడే దారి చూడాలి, మూత మాత్రం చేత్తో తెరవకు, ఎలాగో కింద చెబుతా.

మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో షెడ్యూల్ 1లో ఉంది, పులితో సమానం. ఇంట్లో పెట్టుకోవడం నేరం, ముద్దుగా పెంచానంటే కోర్టు వినదు. రెండు తలల పాము అని చెప్పి లక్షలకి బేరాలు పెట్టే బ్యాచ్ కూడా ఇదే చట్టం కింద లోపలికి పోతోంది. పై ఆయన పెంచుతున్నది ఆఫ్రికా పాము, దానికి దారి వేరు. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని పట్టికలో ఉన్న జీవులకి 2024లో కేంద్రం రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతికి కొత్తగా వచ్చిన 30 రోజుల్లోపు. నాగావళి గట్టు గారూ, క్లాసు పీకొద్దన్నారు, పీకను, ఆ 30 రోజులు మాత్రం లెక్కపెట్టుకోండి.

ఇంకో మాట. అది నిజంగా కొండచిలువ పిల్లేనా? రక్తపింజర పిల్ల కూడా గోధుమరంగు మచ్చలతో, లావుగా, కదలకుండా పడుకుని "సాధువుగానే" ఉంటుంది, కాటేసేదాకా. జీడితోటల్లో ఆ పొరపాటు చేసి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. చేత్తో ఇంకోసారి తాకొద్దు. డబ్బాలోకి గాలి వెళ్లేలా చేసే పని కూడా దూరం నుంచే, ఒక కర్రతో మూత కాస్త జరిపి పైన వల వేసి, ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్. వాళ్లొచ్చి తీసుకెళ్తారు.

మందస కుర్రోడు

ఓకే అన్నా. బీట్ ఆఫీసర్ గారికి ఫోన్ చేశాను, వస్తున్నారు. కొండచిలువే అన్నారు ఫోటో చూసి. కొంచెం తిట్టారు కూడా.

రణస్థలం ఎలక్ట్రీషియన్

థర్మోస్టాట్ (వేడి సరిపోగానే హీటర్‌ని ఆపేది) గురించి ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు, హీటర్ కంటే ముందు కొనాల్సింది అదే. కోడిపిల్లల ఇంక్యుబేటర్లకి వాడే ఎస్‌టీసీ 1000 అని ఒక చిన్న డిజిటల్ కంట్రోలర్ దొరుకుతుంది, చౌకే. దానికి రెండు రిలేలు (వాటంతట అవే పడే స్విచ్‌లు) ఉంటాయి, ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. వేడి వైపు హీటర్ కలపండి, చల్ల వైపు పాత కంప్యూటర్ ఫ్యాను దాని అడాప్టర్‌తో కలిపి పై కన్నం దగ్గర బయటికి ఊదేలా బిగిస్తే ఎండాకాలం దానంతట అదే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు భయం. ఈ రిలేలు పాడైతే ఒక్కోసారి ఆగిపోవు, కాంటాక్టులు అతుక్కుని ఆన్‌లోనే ఉండిపోతాయి. అందుకే 60 వాట్లు అంటే 60 వాట్లే పెట్టండి, ఆగకుండా నడిచినా పెట్టె అంత త్వరగా ఉడికిపోని సైజు అది. ఇంకా ధీమా కావాలంటే వరసలో రెండో థర్మోస్టాట్ పెట్టి దాన్ని 35 దగ్గర సెట్ చేయండి. వైర్లకి ఎర్త్ తప్పనిసరి, నీళ్ల గిన్నె పక్కనే కరెంటు ఇది.

కరెంటు పోతే రెండు మూడు గంటలకి ఏమీ కాదు, చెక్క పెట్టె వేడి పట్టి ఉంచుతుంది. తుపాను వస్తే వేరే కథ. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందిగా. హీటర్‌ని ఇన్వర్టర్ మీద నడిపినా అన్ని రోజులు బ్యాటరీ రాదు. వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి వేడి మూలలో పెట్టడం, బయట నుంచి పెట్టెకి బొంత కప్పడం, అంతే.

నాగావళి గట్టు

నాలుగు వారాల తర్వాత రిపోర్టు. వెనక ప్లై నిజంగానే డొల్ల, పీకితే లోపల మట్టి గూళ్లు. లోతు 2 అడుగులు చేయించాను. పొట్టు సోంపేట నుంచి మా బావ బస్తా వేసి పంపాడు. చీమలు రాకుండా షోకేస్ నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను, ఆ ఐడియా అమ్మదే, చక్కెర డబ్బాలకి చేసేదేగా అంది. ఆవిడే ముందు రోజు లోపల తుడవడానికి ఫినాయిల్ తెచ్చింది, మూలకి కలరా ఉండలు కూడా వేయబోయింది, రెండూ ఆపగలిగాను.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని. 60 వాట్ల హీటర్ స్టాక్ లేదని 100ది తెప్పించాను, థర్మోస్టాట్ ఉందిగా అని. దాని ప్రోబ్ (వేడి కొలిచే కొస) వైరుని పెట్టె లోపలి గోడకి టేపుతో అతికించాను. మూడో రాత్రి, టైము 3 దాటింది, టక్ టక్ వినబడింది, చాలా రోజుల తర్వాత. టార్చి వేస్తే పాము నీళ్ల గిన్నెలో మొత్తం మునిగి తల మాత్రం బయట పెట్టి ఉంది. థర్మోస్టాట్ మీద 26 చూపిస్తోంది, హీటర్ ఆన్‌లో ఉంది. చెయ్యి పెడితే లోపల కొలిమి. పాము ఆ వైరు మీదుగా పాకితే టేపు ఊడి ప్రోబ్ నీళ్ల గిన్నెలో పడింది, నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి ఇంకా వేడి కావాలి, ఇంకా వేడి కావాలి అని అది పాపం తన డ్యూటీ తను చేస్తూనే ఉంది. వేడి మూల వేరే థర్మామీటర్‌లో 41. స్విచ్ పీకి, అద్దాలు బార్లా తెరిచి, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను.

పాము బాగానే ఉంది. వారం రోజులు తిండి ముట్టలేదు, నిన్న రాత్రి తిన్నది. 60 వాట్లది వచ్చింది, మార్చేశాను.

రణస్థలం ఎలక్ట్రీషియన్

పెట్టె లోపల టేపు ఎప్పుడూ వాడొద్దు సార్, ఈసారి అదృష్టం, ఒక్కోసారి పాము పొలుసులకే అతుక్కుని చర్మం లేచిపోతుంది. ప్రోబ్‌ని గోడకి కేబుల్ క్లిప్పు కొట్టి స్క్రూతో బిగించండి, హీటర్ కింద, నేల నుంచి ఒక అంగుళం పైన. నీళ్ల గిన్నెని ఎదురు మూలకి మార్చండి.

పాముల పిచ్చి, విజయనగరం

గిన్నె బరువైనది పెట్టండి, రాతి రోలు చిన్నది ఉంటే మంచిది, తోసినా కదలదు. ఆ రెండో థర్మోస్టాట్ కూడా ఈ వారమే బిగించేయండి, మే నెల దాకా ఆగొద్దు.

నాగావళి గట్టు

రోలు ఉంది, అమ్మ ఇవ్వనంటోంది. అడుగుతున్నాను.